చేతిపని

థియేటర్‌లో ఉన్నానంటే
కొత్తలో మా పిన్ని "ఏ సినిమా?" అనేది.
తప్పేం లేదు. గ్రీకులో ఆ మాటకి
చూసే చోటు అనే అర్థమట.
మా పెంచలయ్య సారు చెప్పాడు.
కుట్లు వేసేటప్పుడు నోరు కదలకపోతే
ఆయనకి చెయ్యి కదలదు.

దర్గామిట్ట ఆసుపత్రిలో పదహారేళ్ళుగా
ఆయన చేతికి కత్తులూ కత్తెరలూ అందిస్తున్నాను.
ఆకుపచ్చ గుడ్డ కింద ఎవరిదో పొట్ట,
పైన ఆయన పాఠం.

"ఫోర్సెప్స్ అంటే ఏంది గౌసియా?"
పటకారు సార్.
"ఉత్త పటకారు కాదు, కాలే ఇనుమును పట్టేది.
లాటిన్ కమ్మరోళ్ళ మాట."
నా చేతిలో అది చల్లగా ఉంది.
ఎప్పుడో కొలిమి చూసినట్టు దానికి గుర్తే లేదు.

"ఫిస్ట్యులా?"
పుండు సార్.
"రెల్లు గొట్టం. ఊదితే పాట వచ్చేది."
ఆ రోజు బల్ల మీద కావలి చేపలతను.
మూడేళ్ళుగా కూర్చోలేక
నిలబడే తూకం వేసినవాడు.
అతనికి పాట సంగతి ఎవరూ చెప్పలేదు.

మోకాలి మీది ఎముకని వాళ్ళూ చిన్న చిప్ప అనే అన్నారట.
ఎవరికెవరు చెప్పుకున్నారో!
మనం తాళానికి చెవి తగిలిస్తే
వాళ్ళు భుజానికి తాళంచెవి తగిలించారు.
అది విన్న రోజు ఇంటికెళ్ళి
అద్దంలో నా క్లావికిల్ తడుముకున్నాను,
ఏ తలుపుదో అని.

స్కాల్పెల్ దగ్గర మాత్రం నాకు చెయ్యి ఆగింది.
చెక్కడం, గోకడం అన్న మాటలోంచి పుట్టిందట.
మా ఉదయగిరిలో ఇంటింటా అదే పని.
నర్ది చెక్క, ఆకురాయి, ఒడి నిండా పొట్టు.
గరిటెలు, ఫోర్కులు, వెన్న రాసే కత్తులు.
తానెన్నడూ తినని తిండికి కావలసినవన్నీ
మా అమ్మీ డజను లెక్కన చెక్కింది.

మొన్న రంజాన్ దాటాక బస్సు దిగింది.
ఉంగరపు వేలు ముడుచుకుపోయి ఉంది,
చేతిలో లేని ఉలిని ఇంకా పట్టుకున్నట్టు.
కేస్ షీట్‌లో గుమాస్తా 'గృహిణి' అని రాశాడు.
కొట్టేసి 'చెక్కపని' అని రాశాను.

చేతికే మత్తు. మనిషి మేలుకునే ఉంది.
"అన్ అంటే లేకపోవడం," సారు మొదలుపెట్టాడు,
"మన అనర్థంలో ఉన్నట్టే. ఐస్థీసిస్ అంటే స్పర్శ."
అమ్మీ తల తిప్పి నా ట్రే చూసింది.
"ఆ ఆకురాయికి పళ్ళు అరిగినై. మార్పించు."
కాసేపాగి సారుతో,
"అట్ట బిగించి పట్టుకుంటే మణికట్టు పట్టేస్తది అబ్బయా.
బొటనవేలు ఆనించు."
జూనియర్లు మాస్కుల్లో నవ్వుకున్నారు.
సారు నవ్వలేదు. బొటనవేలు ఆనించాడు.

అరచేతిలో గోరంత కోత.
వేలు తెరుచుకుంది.

"సర్జరీ అంటే అసలు మాటకి అర్థం
ఏందో తెలుసా అమ్మా? చేతిపని."
"మరి కూలెంత?" అంది అమ్మీ.
"డజనుకా, ఒక్కోదానికా?"

పేషెంట్ అంటే ఓర్చుకునేదని
దారం ముడేస్తూ జూనియర్లకి చెబుతున్నాడు.
ఇన్నేళ్ళూ అడగని మాట అప్పుడు అడిగాను.
నర్స్ అంటే సార్?
"పాలిచ్చేది," అన్నాడు తలెత్తకుండా. "దాది.
కత్తెర."

కత్తెర ఇచ్చాను.
గ్లవ్ కింద అమ్మీ చెయ్యి వెచ్చగానే ఉంది,
దానికే నేను తెలియడం లేదు.

సాయంత్రం వార్డులో
కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టి
ఒక గ్లాసు పాలు పట్టుకుని పక్కన కూర్చున్నాను.
రెండు గుక్కలు తాగి మొహం చిట్లించింది.
"చక్కెర వెయ్యలేదే."